ప్రెజర్ పెంచితే వడపోత నిజంగా పెరుగుతుందా? కొలిచి తేల్చుకునే పద్ధతి

ఫిల్టర్ ప్రెస్ (క్లాత్ తొడిగిన ప్లేట్ల మధ్యకి ద్రవాన్ని ఒత్తి వడపోసే యంత్రం) దగ్గర ధార సన్నబడగానే ఎవరో ఒకరు అనే మాట ఒకటే: "ప్రెజర్ కొంచెం పెంచండి." తణుకు వైపు చక్కెర ఫ్యాక్టరీ అయినా, కాకినాడ నూనె రిఫైనరీ అయినా, భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంటులో మురుగునీటి శుద్ధి అయినా ఇదే మాట. ఒక్కోసారి అది పనిచేస్తుంది. ఒక్కోసారి పంపు మోత పెరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, ధార మాత్రం అలాగే ఉంటుంది. రెండింటిలో ఏది జరుగుతుందో కేక్, అంటే క్లాత్ మీద పేరుకునే ఘనపదార్థపు పొర, స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఆ స్వభావానికి ఒక అంకె ఉంది, దాన్ని ల్యాబ్‌లో ఒక పూటలో కొలవచ్చు. ఎలా కొలవాలో, కొలిచాక ప్లాంటులో ఏం మార్చాలో కింద రాస్తున్నాను. కెమికల్ డిప్లొమా, బీటెక్ చదివేవాళ్ళకీ షిఫ్టు చూసేవాళ్ళకీ పనికొస్తుంది.

ముందు కొంచెం లెక్క

ఫ్రాన్స్‌లో దిజోన్ ఊరి నీటి సరఫరా చూసిన ఇంజనీరు హెన్రీ డార్సీ, ఇసుక పొర గుండా నీరు ఎలా పారుతుందో కొలిచి 1856లో ప్రచురించాడు. ఒత్తిడి తేడా రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు, పొర మందం రెట్టింపైతే ప్రవాహం సగం. వడపోత లెక్కలన్నిటికీ మూలం ఇదే. కాకపోతే డార్సీ ఇసుక పొర మందం మారదు. మన ఫిల్టర్‌లో వడపోత సాగేకొద్దీ కేక్ పెరుగుతూ పోతుంది, అంటే మనం తీసే ప్రతి లీటరూ తర్వాతి లీటరుకి అడ్డం పడుతుంది. అందుకే ఒకే ఒత్తిడి దగ్గర కూడా ధార క్రమంగా తగ్గుతుంది. దాన్ని చూసి కంగారు పడాల్సిన పని లేదు.

సూత్రాన్ని మాటల్లో రాస్తే:

వడపోత వేగం = (వైశాల్యం × ఒత్తిడి తేడా) ÷ [చిక్కదనం × (కేక్ నిరోధం + క్లాత్ నిరోధం)]

ఒత్తిడిని మార్చకుండా నడిపితే ఇది సరళరేఖగా మారుతుంది:

కాలం ÷ పరిమాణం = (వాలు × పరిమాణం) + అంతరఖండం

ఇక్కడ పరిమాణం అంటే అప్పటిదాకా వచ్చిన ఫిల్ట్రేట్, అంటే వడపోసి వచ్చిన ద్రవం. వాలు, అంతరఖండం ఇవి:

వాలు = (చిక్కదనం × ఆల్ఫా × గాఢత) ÷ (2 × వైశాల్యం వర్గం × ఒత్తిడి)

అంతరఖండం = (చిక్కదనం × క్లాత్ నిరోధం) ÷ (వైశాల్యం × ఒత్తిడి)

ఆల్ఫా అంటే కేక్ విశిష్ట నిరోధం, మీటర్ పర్ కిలోగ్రామ్‌లో. అసలు కథంతా ఈ ఆల్ఫాలోనే ఉంది, ఎందుకంటే చాలా కేకుల్లో అది స్థిరం కాదు. ఒత్తిడి పెరిగేకొద్దీ రేణువులు దగ్గరికి జరుగుతాయి, మధ్యలోని సందులు మూసుకుపోతాయి, ఆల్ఫా పెరుగుతుంది. దాన్ని ఇలా రాస్తారు: ఆల్ఫా = స్థిరాంకం × (ఒత్తిడికి "ఎస్" ఘాతం). ఈ ఎస్‌నే సంపీడ్యత ఘాతాంకం అంటారు. మనం వెతుకుతున్న అంకె ఇదే.

ఎస్ సున్నా అయితే కేక్ అణగదు. ఒత్తిడి రెట్టింపు చేస్తే అదే పరిమాణం సగం కాలంలో వస్తుంది. ఎస్ 0.5 అయితే కాలం 71 శాతానికి తగ్గుతుంది. 0.8 అయితే 87 శాతానికి, అంటే రెట్టింపు ఒత్తిడికి మనకి మిగిలేది 13 శాతం కాలమే. ఎస్ 1 దగ్గరికి వెళ్ళిందంటే ఏమీ మిగలదు. ఇవన్నీ క్లాత్ నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకుండా చెప్పిన అంకెలు. చింతపండు రసం గుడ్డలో వేసి పిండేటప్పుడు గట్టిగా నొక్కినకొద్దీ గుజ్జు గుడ్డకి అతుక్కుని రసం ఆగిపోతుంది చూడండి, ఎస్ ఎక్కువగా ఉన్న కేక్ అలాంటిది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఎస్ సున్నా ఉన్న ఉత్తమమైన కేక్‌కి కూడా, నిర్ణీత కాలంలో వచ్చే ఫిల్ట్రేట్ ఒత్తిడి రెట్టింపు చేస్తే 41 శాతమే పెరుగుతుంది, రెట్టింపు కాదు. ఎక్కువ ఫిల్ట్రేట్ వచ్చిందంటే ఎక్కువ కేక్ కూడా వచ్చినట్టే కదా. ఎస్ 0.8 అయితే ఆ పెరుగుదల 7 శాతం.

మెట్టు 1: దేన్ని వడపోస్తున్నారో తెలుసుకోండి

గోదావరి డెల్టాలో దొరికే స్లర్రీలు (ఘన రేణువులు కలిసిన ద్రవాలు) ఒకదానికొకటి పోలిక లేనివి. మొదటిసారి ప్రయోగం చేసేవాళ్ళు సుద్ద పొడితో, అంటే కాల్షియం కార్బొనేట్‌తో మొదలుపెట్టండి. లీటరు నీటికి 50 గ్రాములు. దాని ఎస్ తక్కువే, 0.2 నుంచి 0.3 దగ్గర ఉంటుంది, రీడింగులు బుద్ధిగా వస్తాయి. చేయి తిరిగాక అసలు సరుకు తీసుకోండి.

జులై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ధవళేశ్వరం ఆనకట్ట కింది కాలువల నుంచి ఒక బిందె నీళ్ళు తెచ్చి చూడండి. అందులోని ఒండ్రుమట్టి చాలా సన్నం. రేణువు వ్యాసం సగమైతే ఆల్ఫా దాదాపు నాలుగు రెట్లవుతుంది, కాబట్టి మట్టి కొంచెమే అయినా వడపోత నత్తనడకన సాగుతుంది. పటిక వేసి మట్టిని ముద్దలు కట్టిస్తే ధార మెరుగవుతుంది, కానీ ఆ ముద్దలు మెత్తన, అణిగిపోతాయి. మన పెద్దవాళ్ళు బిందె లోపల చిల్లగింజ అరగదీసినా, ఇప్పుడు పంచాయతీ ట్యాంకులో పటిక వేసినా పని ఒకటే: రేణువుల్ని కూడగట్టడం. అలా కూడిన ముద్ద మీద ఒత్తిడి పెంచితే మళ్ళీ చితికిపోతుంది.

తవుడు నూనెలో బ్లీచింగ్ ఎర్త్ (నూనె రంగు తీయడానికి కలిపే మట్టి) వేరు, మైనం వేరు. బ్లీచింగ్ ఎర్త్ కేక్ ఒత్తిడిని బాగానే తట్టుకుంటుంది. మైనం స్ఫటికాలు తట్టుకోవు. రొయ్యల ప్లాంటు బయో స్లడ్జ్ (మురుగునీటి శుద్ధిలో మిగిలే సూక్ష్మజీవుల బురద) అన్నిటికంటే మెత్తన, దాని ఎస్ 0.8 పైనే ఉంటుందనుకుని మొదలుపెట్టండి.

మెట్టు 2: సెటప్

వాక్యూమ్‌తో చేస్తే బుక్నర్ గరాటు (అడుగున చిల్లుల పళ్ళెం ఉన్న గరాటు), సైడ్ ఆర్మ్ ఫ్లాస్కు, వాక్యూమ్ పంపు, గేజ్, స్టాప్‌వాచ్ చాలు. వాక్యూమ్‌తో ఎంత లాగినా ఒక వాతావరణ పీడనం దాటలేం, ఆచరణలో 0.6, 0.7 బార్ దగ్గర ఆగుతాం. అంతకు పైన కావాలంటే స్టీలు ప్రెజర్ సెల్, కంప్రెసర్, రెగ్యులేటర్ కావాలి. గాజు పాత్రలోకి కంప్రెసర్ గాలి ఎప్పుడూ ఎక్కించకండి. వాక్యూమ్ ఫ్లాస్కు కూడా మందపాటి గాజుదే వాడండి, దాని చుట్టూ టేపు చుట్టండి, కళ్ళద్దాలు పెట్టుకోండి.

ల్యాబ్‌లో ఫిల్టర్ పేపర్ బదులు ప్లాంటులో వాడే క్లాత్ ముక్కనే కోసి వేయండి. పేపర్‌తో వచ్చిన అంతరఖండం ప్లాంటులో దేనికీ పనికిరాదు.

ఉష్ణోగ్రత తప్పకుండా రాయండి. 20 డిగ్రీల దగ్గర నీటి చిక్కదనం 1 మిల్లీపాస్కల్ సెకను, 40 దగ్గర 0.65. డిసెంబర్ పొద్దున చేసిన ప్రయోగమూ మే మధ్యాహ్నం చేసిన ప్రయోగమూ ఒకే స్లర్రీతో ఒకటిన్నర రెట్లు తేడా చూపిస్తాయి. ఆ తేడాని ఒత్తిడి ఖాతాలో వేసి రికార్డు రాసిన విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

మెట్టు 3: రీడింగులు

నాలుగు ఒత్తిళ్ళు ఎంచుకోండి, ప్రతిదీ ముందుదానికి రెట్టింపు ఉండాలి. ఉదాహరణకి 0.5, 1, 2, 4 బార్. రెండు ఒత్తిళ్ళతో ఎస్ కట్టొచ్చు కానీ ఒక్క రీడింగ్ తప్పినా పట్టుకోలేరు.

స్లర్రీ కలుపుతూనే ఉండాలి. లేకపోతే బరువు రేణువులు ముందే కిందికి దిగి క్లాత్ మీద ముతక పొర కడతాయి, ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. పటిక ముద్దలున్న స్లర్రీని మాత్రం మెల్లగా కలపండి, గట్టిగా కలిపితే ముద్దలు విరిగిపోతాయి.

ఒత్తిడి స్థిరపడ్డాక గడియారం మొదలుపెట్టి, ప్రతి 200 మిల్లీలీటర్లకి కాలం రాయండి. ఒకవేళ ఒత్తిడి స్థిరపడేలోపే కొంత ఫిల్ట్రేట్ వచ్చేస్తే ఆ మొదటి పాయింటుని రేఖలో కలపకండి. ప్రతి ఒత్తిడికీ కొత్త స్లర్రీ, కడిగిన క్లాత్ వాడండి. ఒకే కేక్ మీద ఒత్తిడి మారుస్తూ పోతే మొదటి ఒత్తిడికి అణిగిన కేక్ తర్వాతి రీడింగుల్ని పాడుచేస్తుంది, ఒకసారి అణిగింది మళ్ళీ పూర్తిగా పొంగదు.

మెట్టు 4: వాలు, అంతరఖండం

లెక్క అర్థం కావడానికి నేనే కల్పించిన ఒక ఉదాహరణ తీసుకుందాం. వైశాల్యం 0.01 చదరపు మీటరు, సుద్ద స్లర్రీ లీటరుకి 50 గ్రాములు, 30 డిగ్రీలు, ఒత్తిడి 0.5 బార్.

0.2 లీటర్లు – 6.4 సెకన్లు
0.4 లీటర్లు – 19.2 సెకన్లు
0.6 లీటర్లు – 38.4 సెకన్లు
0.8 లీటర్లు – 64 సెకన్లు
1.0 లీటరు – 96 సెకన్లు

ప్రతి కాలాన్నీ దాని పరిమాణంతో భాగిస్తే 32, 48, 64, 80, 96 వస్తాయి. పరిమాణం 0.2 లీటర్లు పెరిగినప్పుడల్లా 16 పెరుగుతోంది, కాబట్టి వాలు 80, అంతరఖండం 16. నిజం రీడింగులు ఇంత చక్కగా రావు, గ్రాఫ్ కాగితం మీద పాయింట్లు పెట్టి రేఖ గీయాల్సిందే. మొదటి పాయింట్లు మాత్రమే రేఖ నుంచి తప్పితే పర్వాలేదు. చివరి పాయింట్లు పైకి వంగితే కేక్ గరాటు నిండిపోయిందో, సన్నని రేణువులు కేక్ సందుల్లో ఇరుక్కుంటున్నాయో చూడాలి.

ఆల్ఫా కావాలంటే ప్రమాణాలు మార్చుకోవాలి. వాలు 80 సెకన్లు పర్ లీటరు వర్గం అంటే 8 కోట్ల సెకన్లు పర్ ఘనమీటరు వర్గం. చిక్కదనం 0.0008, ఒత్తిడి 50,000 పాస్కల్, గాఢత 50. వీటిని పై సూత్రంలో పెడితే ఆల్ఫా 2,000 కోట్ల మీటర్ పర్ కిలోగ్రామ్ వస్తుంది. అంకె పెద్దగా ఉందని భయపడకండి, సుద్దకి అది మామూలే. నిక్కచ్చిగా చెప్పాలంటే ఇక్కడి గాఢత ఫిల్ట్రేట్ ఘనమీటరుకి ఎంత పొడి కేక్ అన్నది. పల్చని స్లర్రీకి రెండూ ఒకటే అనుకోవచ్చు, చిక్కని స్లర్రీకి కేక్‌లో చిక్కుకున్న నీటిని తీసేసి లెక్క కట్టాలి.

మెట్టు 5: ఎస్ తేల్చడం

ఇప్పుడు నాలుగు ఒత్తిళ్ళకీ నాలుగు వాలులు మీ దగ్గర ఉన్నాయి. అవి 80, 45.9, 26.4, 15.2గా వచ్చాయనుకోండి. ఒత్తిడి 8 రెట్లయితే వాలు 0.19 వంతుకి పడిపోయింది. 0.19 లాగరిథమ్‌ని 8 లాగరిథమ్‌తో భాగిస్తే –0.8. దానికి 1 కలిపితే 0.2. అదే ఎస్. ఈ కేక్ మీద ఒత్తిడి పెంచడం దండగ కాదు.

అదే వాలులు 80, 69.6, 60.6, 52.8 అని వస్తే ఎస్ 0.8. ఎనిమిది రెట్లు ఒత్తిడి పెట్టినా వాలు మూడో వంతే తగ్గింది. ఒక లీటరు పంపడానికి పట్టే శక్తి మాత్రం ఒత్తిడితో సమానంగా పెరుగుతుంది, అంటే ఎనిమిది రెట్లు. మేనేజర్‌కి పెద్ద పంపు వద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి కాగితం ఉండదు.

ఎస్‌ని మీరు కొలిచిన ఒత్తిళ్ళ హద్దుల్లోనే వాడండి. వాక్యూమ్‌లో కొలిచిన ఎస్‌తో 6 బార్ ఫిల్టర్ ప్రెస్ డిజైన్ చేయకూడదు.

మెట్టు 6: ప్లాంటులో ఏం మార్చాలి

మొట్టమొదట, ఏ గేజ్ చూస్తున్నారో సరిచూసుకోండి. ఫిల్టర్ ప్రెస్‌కి రెండు గేజ్‌లుంటాయి. ప్లేట్లని బిగించే హైడ్రాలిక్ ఆయిల్ గేజ్ వందల బార్ చూపిస్తుంది, వడపోతకీ దానికీ సంబంధం లేదు. వడపోత నడిపేది ఫీడ్ ప్రెజర్, మామూలు పాలీప్రొపిలీన్ ప్లేట్లకి అది 6, 7 బార్ దాటదు, ప్లేటు తయారుచేసినవాళ్ళు చెప్పిన హద్దే చివరి మాట. ధార తగ్గిందని హైడ్రాలిక్ లివర్ కొట్టేవాళ్ళని నేను చాలామందినే చూశాను. కారడం ఆగుతుందేమో గానీ వడపోత పెరగదు.

మొదటి కొన్ని నిమిషాలే ముఖ్యం. క్లాత్ ఖాళీగా ఉన్నప్పుడు పూర్తి ఒత్తిడి ఇస్తే సన్నని రేణువులు క్లాత్ పోగుల్లోకి దూసుకుపోతాయి, ఫిల్ట్రేట్ మడ్డిగా వస్తుంది, అంతరఖండం పెరిగిపోతుంది, ఆపైన ఎంత ఒత్తిడి పెట్టినా అది దిగదు. పల్చని పొర ఒకటి క్లాత్ మీద కూర్చునేదాకా తక్కువ ఒత్తిడిలో నడిపి, ఫిల్ట్రేట్ తేటబడ్డాక మెల్లగా పెంచండి. మడ్డి ఫిల్ట్రేట్‌ని ఫీడ్ ట్యాంకుకి తిప్పేయండి.

చక్కెర ఫ్యాక్టరీలో రోటరీ వాక్యూమ్ ఫిల్టర్ ఈ పనే తనంతట తాను చేస్తుంది. డ్రమ్ము మడ్డిలో (చెరకు రసం నుంచి తేరిన బురదలో) మునిగినప్పుడు తక్కువ వాక్యూమ్, పాదరసం 25, 30 సెంటీమీటర్ల దగ్గర. పైకి వచ్చాక కడగడానికీ ఆరబెట్టడానికీ 45, 50 సెంటీమీటర్లు. ఆ తక్కువ వాక్యూమ్‌ని ఎవరైనా ఉత్సాహంగా పెంచితే జల్లెడ మీద మొదటి పొరే బిగుసుకుపోతుంది. పై హద్దుకీ కారణం ఉంది: మడ్డి వేడిగా ఉంటుంది, వేడి నీటికి ఆవిరి పీడనమూ ఎక్కువే. ఇంకా లాగితే ఫిల్ట్రేట్ లైన్లోనే మరుగుతుంది, వాక్యూమ్ పంపు ఆవిరిని లాగుతూ కూర్చుంటుంది. మడ్డిలో సన్నని చెరకు పిప్పి పొడి కలపడం కూడా ఒత్తిడి సమస్యకి సమాధానమే. ఆ పీచు కేక్‌ని అణగకుండా నిలబెడుతుంది, అంటే ఎస్‌నీ ఆల్ఫానీ రెంటినీ తగ్గిస్తుంది. చివరికి ప్రెస్‌మడ్ పేరుతో పొలాలకి ఎరువుగా వెళ్ళేది ఈ కేకే.

ఫీడ్ పంపు రకం కూడా చూడండి. స్క్రూ పంపు, డయాఫ్రమ్ పంపు లాంటివి ఎంత అడ్డం వచ్చినా అంతే పరిమాణం తోయాలని చూస్తాయి, కాబట్టి కేక్ పెరిగేకొద్దీ ఒత్తిడి ఎక్కుతుంది. ఎస్ తక్కువైతే ఆ ఎక్కడం నిదానంగా, సరళరేఖలా ఉంటుంది. ఎస్ ఎక్కువైతే కాసేపు మామూలుగా ఉండి ఉన్నట్టుండి ఎగబాకుతుంది, రిలీఫ్ వాల్వు లేకపోతే క్లాత్ చినుగుతుంది. సెంట్రిఫ్యూగల్ పంపు ఒత్తిడి పెరిగితే తనే ప్రవాహం తగ్గించుకుంటుంది, కానీ ముద్దలు కట్టిన స్లర్రీని చిదిమేస్తుంది.

తవుడు నూనెలో మైనం తీసేటప్పుడు నూనెని మెల్లగా చల్లార్చి పెద్ద స్ఫటికాలు ఎదగనివ్వడంలోనే సగం వడపోత అయిపోతుంది. ఆ తర్వాత తక్కువ ఒత్తిడితో, స్ఫటికాలు విరగని పంపుతో పంపాలి. వేడి చేస్తే చిక్కదనం తగ్గి ధార పెరుగుతుంది నిజమే, కానీ మైనం కరిగి నూనెతో పాటే వెళ్ళిపోతుంది. బ్లీచింగ్ ఎర్త్ దగ్గర ఆ ఇబ్బంది లేదు, వేడి నూనె మీద వడపోయడమే పద్ధతి, అక్కడ ఉష్ణోగ్రత చేసే మేలు ముందు ఒత్తిడి చేసేది చిన్నదే. ఒక్క జాగ్రత్త: ఫిల్టర్ తెరిచే ముందు గేజ్ సున్నా అయిందని చూడటమే కాదు, డ్రెయిన్ వాల్వు తెరిచి నిర్ధారించుకోండి. వేడి నూనె చిమ్మితే ఒళ్ళు కాలిపోతుంది.

బయో స్లడ్జ్ విషయంలో ఒక మినహాయింపు చెప్పాలి. ఒత్తిడి అక్కడ వేగాన్ని పెంచదు గానీ కేక్‌లో తేమని తగ్గిస్తుంది. స్లడ్జ్‌ని లారీలో మోయించేటప్పుడు నీటి బరువుకి కూడా డబ్బు కడతాం కాబట్టి చివర్లో ఎక్కువ ఒత్తిడి పెట్టడం లాభమే. వడపోతంతా తక్కువ ఒత్తిడిలో, చివరి పిండుడు ఎక్కువ ఒత్తిడిలో చేయండి. దాని కోసమే ఉబ్బి కేక్‌ని పిండే మెంబ్రేన్ ప్లేట్లు వచ్చాయి.

ఊరి మంచినీళ్ళ పథకంలో ఇసుక ఫిల్టర్లకి ఇదంతా పెద్దగా అవసరం లేదు. మీటరు నీటి ఎత్తు ఇచ్చేది దాదాపు 0.1 బార్. పైపొర పూడుకుపోతే ఎత్తు పెంచేకంటే నెమ్మది ఫిల్టర్ అయితే పైన గీకడం, వేగం ఫిల్టర్ అయితే వెనక్కి నీళ్ళు పంపి కడగడం దారి.

ఇంకా ధార కావాలంటే వైశాల్యం చూడండి. కేక్ నిరోధమే ఎక్కువగా ఉన్నచోట వైశాల్యం రెట్టింపు చేస్తే అదే పరిమాణానికి కాలం నాలుగో వంతవుతుంది. ఒత్తిడి రెట్టింపు చేస్తే అంత రాదు. నాలుగు ప్లేట్లు కలిపే చోటు ప్రెస్‌లో ఉంటే పంపు కొటేషన్ తెప్పించే ముందు ప్లేట్ల కొటేషన్ తెప్పించండి.

కేక్ ఎంతసేపు కట్టనివ్వాలన్నదానికీ ఒక లెక్క ఉంది. క్లాత్ నిరోధం తక్కువై, కడుగుడు లేకపోతే, రోజుకి అత్యధిక ఉత్పత్తి వచ్చేది వడపోత కాలమూ ప్రెస్ విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించే కాలమూ సమానమైనప్పుడు. విప్పి బిగించడానికి 30 నిమిషాలు పడితే, వడపోత 30 నిమిషాల దగ్గర ఆపాలి. ధార ఇంకా కారుతోంది కదా అని రెండు గంటలు ఉంచేస్తే రోజు మొత్తం మీద నష్టం. కేక్ కడగాల్సి ఉంటే ఇంకోటి గుర్తుంచుకోండి: ప్లేట్ అండ్ ఫ్రేమ్ ప్రెస్‌లో కడుగునీరు మొత్తం కేక్ మందం దాటాలి, దానికి దొరికే వైశాల్యమేమో సగం. అందుకని అదే ఒత్తిడి దగ్గర కడుగుడు వేగం వడపోత చివరి వేగంలో నాలుగో వంతే ఉంటుంది.

చివరగా క్లాత్. నెలకోసారి అదే స్లర్రీతో, అదే ఒత్తిడిలో, ప్లాంటు నుంచి తీసిన క్లాత్ ముక్కతో మెట్టు 3, 4 చేసి అంతరఖండం రాసిపెట్టుకోండి. వాలు మారకుండా అంతరఖండం పెరుగుతూ పోతుంటే తప్పు కేక్‌ది కాదు, క్లాత్ పూడుకుపోతోంది. చక్కెర మడ్డిలో సున్నం పేరుకుంటే పల్చని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, నూనె జిడ్డయితే వేడి కాస్టిక్‌తో కడగండి. ఒకదాని వెంట ఇంకోటి వాడాల్సి వస్తే మధ్యలో నీళ్ళతో బాగా జాడించండి. పాలీప్రొపిలీన్ క్లాత్ ఈ రెంటినీ తట్టుకుంటుంది. పాలిస్టర్ అయితే వేడి కాస్టిక్ తగలనివ్వకండి, నైలాన్ అయితే ఆమ్లం తగలనివ్వకండి.